మే నెలాఖరున దుబాయ్: ఇన్సులిన్ వాడే బాపు, ఆరేళ్ల పాప వెంట ఉన్నారు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న – హనుమకొండ టీచరు

అందరికీ నమస్కారం. మా తమ్ముడు దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈసారి బక్రీదు సెలవులు మా బడి సెలవుల్లోనే వస్తున్నాయని అమ్మను, బాపును, మా పాపను వెంటబెట్టుకొని మే నెలాఖరుకు రమ్మని పట్టుబట్టి టికెట్లు కూడా తీసేశాడు. వద్దనడానికి ఇక వీల్లేదు కాబట్టి, వెళ్లి ఆరోగ్యంగా తిరిగి రావడానికి ఏమేం చూసుకోవాలో తెలిసినవారు చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

బాపుకు 68 ఏళ్లు, సింగరేణి ఓపెన్‌కాస్టులో పని చేసి రిటైరయ్యారు. షుగరు చాలా ఏళ్లుగా ఉంది. పొద్దున, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటారు. బీపీకి ఒక గోలి, అరికాళ్లు మండుతున్నాయంటే రాత్రిపూట వేసుకొమ్మని డాక్టరు రాసిన ఇంకొక గోలి ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు తప్ప వేరే జబ్బు లేదు. పాపకు ఆరేళ్లు, ఒక్క చోట కూర్చోదు.

బాపుతోనే నాకు ఇబ్బంది. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతుంటే గని మీద డ్యూటీ చేసినవాడిని, రామగుండం ఎండ ముందు దుబాయ్ ఎండ ఎంత" అంటున్నారు. ఆయన అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదేమో అని నాకూ అనిపిస్తోంది, ఎందుకంటే ఫోనులో చూస్తే అక్కడ 39, 40 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు మన దగ్గర 44 ఉంటోంది. మరి మనకంటే తక్కువ ఎండలోకి వెళుతూ భయపడటం ఎందుకన్నది నా మొదటి సందేహం. ఇన్సులిన్‌ను ఇంటి నుంచి శంషాబాద్‌కు, అక్కడి నుంచి తమ్ముడి ఇంటికి చెడిపోకుండా ఎలా చేర్చాలన్నది రెండవది. అమ్మ ఇప్పటికే పచ్చళ్లు, పొడులు, మసాలాలు కట్టడం మొదలుపెట్టింది, వాటిలో తీసుకెళ్లకూడనివి ఏమైనా ఉన్నాయా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు – జగిత్యాల నుంచి దేరా

టీచరమ్మా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. దేరాలో ఉంటూ ఏసీలు బాగుచేసే పని చేస్తున్నాను, అంటే ఎండాకాలమంతా నా పని మేడల మీదనే. బాపుకు ముందుగా ఒక మాట చెప్పండి. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం చట్టప్రకారం నిషేధం. ఆ ఎండలో రోజూ పని చేసి శరీరం అలవాటు పడిన కూలీలకే ఆ రెండున్నర గంటలు విరామం ఇవ్వాలని చట్టం చేశారంటే, విమానం దిగిన మరునాడు అదే వేళకు ఊరు చూడబోయే పెద్దమనిషి సంగతి ఆలోచించాలి. మీరు వచ్చే మే నెలలో ఆ నిషేధం ఇంకా మొదలు కాదు గానీ మీ ఇంటి మటుకు మీరే పెట్టుకోండి.

పొద్దున తొమ్మిదిలోపు ఒక చోటు, పొద్దు గూకిన తరువాత ఒక చోటు, మధ్యలో ఇల్లు లేదా మాల్. ఇక్కడికి వచ్చే చుట్టాలందరికీ నేను చెప్పే లెక్క ఇదే. ఫహీదీ ప్రాంతంలో కరెంటు లేని రోజుల్లో గాలిని కిందికి దించడానికి కట్టిన గాలి గోపురాల ఇళ్లున్నాయి. ఆ సన్నని సందుల్లో పొద్దుటి పూట నీడ ఉంటుంది కనుక పెద్దవాళ్లకు అది బాగుంటుంది. అక్కడి నుంచి ఒక దిర్హం ఇచ్చి అబ్రా పడవలో క్రీకు అనే సముద్రపు పాయ దాటితే ఇవతల మా దేరా బజారు. సాయంత్రం చల్లబడుతుందని మాత్రం అనుకోవద్దు. పొద్దు గూకాక సముద్రం మీది తేమ పెరుగుతుంది. మాల్ తలుపు దాటి బయట అడుగుపెట్టగానే కళ్లద్దాలు ఆవిరి పట్టి తెల్లబడిపోతాయి, తుడుచుకొనేదాకా మెట్లు కనిపించవు. బాపుకు అద్దాలుంటే ఆ తలుపు దగ్గర ఒక నిమిషం చెయ్యి పట్టుకొని నిలబడండి. ఎండ కన్నా అక్కడ జారిపడేవాళ్లను ఎక్కువగా చూశాను.

మెట్రోలో తినడం, తాగడం నిషేధం, నీళ్లకు కూడా మినహాయింపు లేదు, జరిమానా 100 దిర్హంలు. అందుకని గేటు లోపలికి పోకముందే అందరూ నీళ్లు తాగాలి. బుర్జ్ ఖలీఫా స్టేషను నుంచి దుబాయ్ మాల్ దాకా ఏసీ ఉన్న వంతెన దారే గానీ దాదాపు 800 మీటర్ల పొడవు. అమ్మ మోకాళ్లకు అది చాలా దూరం, ట్యాక్సీలో నేరుగా మాల్ గుమ్మం దాకా వెళ్లి లోపల వీల్‌చైర్ అడిగి తీసుకోవడం మేలు. వీల్‌చైర్ అంటే మనవాళ్లు నామోషీ పడతారు, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఇక్కడ నీళ్ల ట్యాంకులు చాలావరకు మేడ మీద ఉంటాయి, ఎండలు ముదిరాక మధ్యాహ్నం చన్నీళ్ల నల్లా తిప్పినా చెయ్యి కాలేంత వేడి నీళ్లు వస్తాయి. అందుకే ఎండాకాలంలో మేము గీజరు స్విచ్చి ఆపేసి, అందులో నిలవ ఉండి చల్లారిన నీళ్లనే వేణ్నీళ్ల నల్లా నుంచి పట్టుకొని స్నానం చేస్తాము. మే నెలాఖరుకు ఆ రోజులు మొదలవుతుంటాయి కాబట్టి పాపను నల్లా కింద నేరుగా నిలబెట్టకుండా, బకెట్‌లో పట్టి చెయ్యి పెట్టి చూసి పోయండి.

తాగడానికి సముద్రపు నీటిని శుద్ధి చేసి సరఫరా చేస్తారు, ఆ నీళ్లు మంచివే. భవనాల ట్యాంకుల శుభ్రత మీద నమ్మకం చాలక చాలామంది సీసా నీళ్లే కొంటారు. ఏ చిన్న కిరాణంలోనైనా లబన్ అని మన చల్ల లాంటిది చల్లగా దొరుకుతుంది. ఉప్పు వేసినవీ, వేయనివీ రెండూ ఉంటాయి, బీపీ ఉన్నవారికి ఉప్పు లేనిదే కొనండి. అడుగడుగునా దొరికే కరక్ చాయ్‌లో మాత్రం చక్కెర దండిగా ఉంటుంది. బాపుకు దానిమీద మనసైతే చక్కెర లేకుండా చేయించండి.

అమ్మ సర్దే మూటల్లో గసగసాలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఈ దేశంలో వాటిని మత్తుపదార్థాల కింద లెక్కిస్తారు, తెలియక తెచ్చానంటే ఒప్పుకోరు. విడిగా పొట్లం కట్టినవే కాదు, ఇంట్లో దంచిన మటన్ మసాలాలో, కొన్ని మిఠాయిల్లో కలిసినవి కూడా చూసుకోవాలి. పచ్చళ్లు బాగా సీలు వేసి పెద్ద సంచిలో పెడితే సరిపోతుంది.

జవాబు – కరీంనగర్ ఫిజీషియన్

మీ మొదటి సందేహానికి జవాబు మీ ఇంటి కూలరులోనే ఉంది. ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో అది గదిని ఎంత బాగా చల్లబరుస్తుందో, జూన్‌లో నాలుగు వానలు పడి గాలిలో తేమ చేరగానే అంత పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే దాని చల్లదనమంతా నీరు ఆవిరి కావడంలోనే ఉంది. మన శరీరానికి చెమట చేసే పని కూడా సరిగ్గా అదే. రామగుండంలో 45 డిగ్రీల వద్ద వడగాలికి చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోయి ఒంటిని చల్లబరుస్తుంది. సముద్రపు ఒడ్డున ఉన్న దుబాయ్‌లో 39 డిగ్రీల వద్ద చొక్కా తడిసి ముద్దయినా ఆ చెమట ఆవిరి కాక ధారలుగా కారిపోతుంది, నీరూ ఉప్పూ నష్టపోతాము గానీ ఒంటి వేడి మాత్రం దిగదు. కాబట్టి ఫోనులో ఉష్ణోగ్రతను ఒక్కటే చూడకుండా దాని పక్కన తేమ శాతాన్ని, 'ఫీల్స్ లైక్' అని చూపించే అంకెను కూడా చూడండి. కొత్త వాతావరణపు వేడికి శరీరం సర్దుకోవడానికి సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది, అంటే మీ నాన్నగారి శరీరం అలవాటు పడే సమయానికి మీరు తిరుగు ప్రయాణంలో ఉంటారు.

అయితే మీరు రాసినదాంట్లో నా దృష్టి ఎక్కువగా నిలిచింది అరికాళ్ల మంట మీద. అది మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడానికి గుర్తు. అదే జబ్బు చెమట పట్టించే నరాలకు కూడా సోకితే కాళ్లకు, నడుము కింది భాగానికి చెమట తగ్గిపోతుంది, కొందరికి ముఖానికి, ఛాతీకి మాత్రం అతిగా పడుతుంది. గని మీద పనిచేసిన రోజుల్లో ఆయన శరీరం ఎండను తట్టుకొన్నది చెమట వల్లనే. ఆ చెమట ఈ రోజు ఆయనకు ఎంత పడుతోందో ఒకసారి అడిగి తెలుసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మధ్యాహ్నం బీచ్ ఇసుకలో, ఈత కొలను చుట్టూ పరిచిన రాళ్ల మీద వట్టి కాళ్లతో నడిస్తే కాలుతున్న సంగతి వారికి తెలియదు, రాత్రికి బొబ్బలు కనిపిస్తాయి, మధుమేహంలో ఆ పుండు మానడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. జెబెల్ అలీలో 2022లో తెరిచిన హిందూ ఆలయానికి గానీ, అబుధాబి దారిలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ మందిరానికి గానీ వెళ్లేటప్పుడు చెప్పులు విడవాలి కనుక, పొద్దున్నే వెళ్లండి, నూలు సాక్సులు వేయించండి, ప్రతి రాత్రి ఆయన అరికాళ్లను మీరే దీపం వెలుతురులో చూడండి. చూపు ఆననివారు తమ పాదాలను తాము చూసుకోలేరు.

బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. మన దగ్గర చాలామందికి టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రాస్తారు. అందులోని రెండవ మందు మూత్రాన్ని ఎక్కువ చేసి నీటిని, సోడియాన్ని బయటికి పంపుతుంది. షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ వంటివి కూడా మూత్రం ద్వారా నీటిని పంపేవే. వీటిని ఎవరూ సొంతంగా ఆపకూడదు. బయలుదేరే ముందు మీ వైద్యుడికి మందుల చీటీ మొత్తం చూపించి, అక్కడి రోజులకు మోతాదు మార్చాలా అని, విరేచనాలో వాంతులో పట్టుకొంటే ఏది ఆపాలి అని స్పష్టంగా రాయించుకోండి. మూత్రపిండాల పరీక్ష ఇటీవల చేయించకపోతే క్రియాటినిన్ ఒకటి చూపించుకోవడం మంచిది.

ఇన్సులిన్ విషయానికి వస్తే, తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజరులో కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగి మామూలుగా కనిపించినా పనికిరాదు, పారవేయాలి. వాడకంలో ఉన్న సీసా 25 డిగ్రీల లోపు, రకాన్ని బట్టి 30 డిగ్రీల లోపు, సుమారు నాలుగు వారాలు బయట ఉండవచ్చు. ఆ వివరం డబ్బాలోని కాగితంలో ఉంటుంది. హనుమకొండ నుంచి శంషాబాద్ దాకా కారు డిక్కీలో, డ్యాష్‌బోర్డు మీద పెట్టకుండా మీ ఒళ్లోని సంచిలో ఉంచండి. విమానంలో పెద్ద సంచులతో పాటు వేయకండి. అక్కడ గడ్డకట్టే అవకాశం ఉంది, సంచి దారి తప్పితే మందే ఉండదు. జెల్ ప్యాకు వాడితే సీసాకు, ప్యాకుకు మధ్య గుడ్డ చుట్టండి. మన ఇళ్లలో కుండ నీళ్లలో, తడి గుడ్డలో పెట్టే పద్ధతి పొడి గాలిలోనే బాగా పని చేస్తుంది. అక్కడి తేమలో, కూలరుకు నేను చెప్పిన కారణం చేతనే, దాని మీద అంతగా ఆధారపడలేము. ఇంట్లో ఫ్రిజ్, బయట చిన్న ఐస్ డబ్బా, ఇవే నమ్మదగినవి. మనకూ వారికీ గంటన్నర మాత్రమే తేడా గనుక ఇన్సులిన్ వేళలు మార్చడానికి పెద్దగా కసరత్తు అవసరం లేదు.

వేడికి చర్మంలో రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఒంట్లో చేరవచ్చు, దానికి నడక తోడైతే షుగరు హఠాత్తుగా పడిపోతుంది. అదే నీరు తక్కువైతే షుగరు పెరుగుతుంది. రెండూ ఒకే రోజున జరగవచ్చు, అందుకే అక్కడ ఉన్నన్నాళ్లు మామూలు కంటే ఎక్కువసార్లు పరీక్ష చేయండి. షుగరు పడిపోయినా, ఎండ దెబ్బ తగిలినా చెమట, తలతిరుగుడు, తికమక ఒకేలా ఉంటాయి కాబట్టి అనుమానం రాగానే వేలిని గుచ్చి చూడాలి. యంత్రం దగ్గర లేకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే చక్కెర ఇవ్వండి. ఎండకు కారులో వదిలేసిన స్ట్రిప్పులు తప్పుడు లెక్క చూపిస్తాయి.

రోజుకు ఇన్ని లీటర్లని నేను చెప్పను, ఎందుకంటే గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఆ అంకె వేరుగా ఉంటుంది. వయసు మీద పడ్డవారికి దాహం సరిగా తెలియదు కనుక, అడగకుండానే గంటకోసారి గ్లాసు చేతికివ్వండి, మూత్రం రంగు ముదురుతుంటే చాలడం లేదని అర్థం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి గానీ అవి వాంతులు, విరేచనాలు, బాగా చెమటోడ్చిన సందర్భాల కోసం. లీటరు నీటికి కలిపే ప్యాకెట్టులో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి కాబట్టి షుగరు, బీపీ ఉన్న మనిషికి దాన్ని షర్బత్తులా పొద్దస్తమానం ఇవ్వకూడదు. అట్ట డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలను ఓఆర్ఎస్ అనుకొని కొనకండి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడిన మీదట, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

జవాబు – నిర్మల్ వాసి

ఇన్ని జాగ్రత్తలు పడే బదులు టికెట్లు మార్చి డిసెంబరులో పోవడం తెలివైన పని కదా. అప్పుడు అక్కడ పగలు 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, పెద్దవాళ్లు హాయిగా నడుస్తారు. టికెట్ మార్పుకు పోయే డబ్బు ఆస్పత్రి ఖర్చు ముందు ఎంత?

జవాబు – హుజూరాబాద్ మందుల దుకాణం

డిసెంబరు సలహా మంచిదే గానీ బడి టీచర్లకు, గల్ఫ్ ఉద్యోగులకు సెలవులు కలిసి దొరకడం ఎంత కష్టమో మన జిల్లాల్లో అందరికీ తెలుసు. వెళ్లేవారు వెళ్లనే వెళతారు కాబట్టి మందుల సంగతి చెబుతాను.

అరికాళ్ల మంటకు రాత్రిపూట వేసుకొనే గోలి అన్నారు, ఆ పట్టీ వెనక ప్రిగాబాలిన్ అని ఉందేమో ఇవాళే చూడండి. మన దగ్గర మామూలుగా రాసే ఆ మందు యూఏఈలో నియంత్రిత జాబితాలో ఉంది. ట్రమడాల్ కలిసిన నొప్పి గోలీలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రకు వాడే ఆల్ప్రజోలం కూడా అలాంటివే. వీటిని తీసుకెళ్లాలంటే అక్కడి ప్రభుత్వం మందుల అనుమతికి పెట్టిన వెబ్‌సైటులో చీటీ, డాక్టరు రిపోర్టు పెట్టి ముందుగా అనుమతి తీసుకోవాలి. అమ్మ మోకాళ్లకు ఏవైనా నొప్పి గోలీలు వాడుతుంటే వాటి పట్టీలు కూడా తిప్పి చూడండి. ఎవరో ఇచ్చిన పేరులేని ఆకుపసరు గోలీలు, పొడులు ఇంట్లోనే ఉంచేయండి. మందులన్నీ కంపెనీ పట్టీలతోనే ఉండాలి, గోలీలన్నీ గీకి ఒక డబ్బాలో పోసుకొనే అలవాటు పెద్దవాళ్లకు ఉంటుంది, ఈ ప్రయాణంలో అది వద్దు. చీటీ మీద కంపెనీ పేర్లే కాకుండా మందు అసలు పేరు కూడా పెద్ద అక్షరాలతో రాయించుకోండి, అక్కడి ఫార్మసీలో మన కంపెనీ పేరు చెబితే అర్థం కాకపోవచ్చు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది ఇన్సులిన్ బలం. మన దగ్గర సీసాల్లో వచ్చేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర టోపీ సిరంజి. గల్ఫ్‌లో దొరికేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు టోపీ ఉంటుంది. ఇక్కడి నుంచి తెచ్చిన సీసా పగిలిపోయి అక్కడ కొత్తది కొని, పాత ఎర్ర టోపీ సిరంజితోనే 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. ప్రాణం మీదికి వచ్చే తేడా ఇది. అందుకే అక్కడ ఇన్సులిన్ కొనవలసి వస్తే సిరంజిలు కూడా అక్కడివే కొనాలి. బాపు ఇన్సులిన్ పెన్ను వాడుతుంటే ఈ బాధ లేదు, పెన్నులో వచ్చేది మన దగ్గర కూడా ఎక్కువగా 100దే. ఎలాగూ డాక్టరు దగ్గరికి పోతున్నారు గనుక పెన్నుకు మారవచ్చా అని అడిగి చూడండి. కావలసినదానికి రెట్టింపు మందు తీసుకొని రెండు చేతి సంచుల్లో వేరువేరుగా పెట్టుకోండి, నియంత్రిత మందులు మాత్రం అనుమతి పత్రంలో రాసినంతే.

జవాబు – ఇందూరు అమ్మ

అక్కా, పాప విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మా వారు అక్కడే పని చేస్తారు, పిల్లలతో వేసవిలో వెళ్లి వస్తుంటాను. అక్కడ పిల్లలకు జబ్బు చేసేది ఎండతో కంటే చలితో అంటే మీరు నమ్మరు. మాల్‌లో, మెట్రోలో, ట్యాక్సీలో ఏసీ ఎంత చల్లగా పెడతారంటే చెమటతో తడిసిన బట్టలతో లోపలికి పోయిన పిల్ల పది నిమిషాల్లో వణుకుతుంది. సంచిలో పొడి బనీను ఒకటి, పలుచని స్వెటరు ఒకటి ఎప్పుడూ ఉండాలి. లోపలికి పోగానే తడి బనీను మార్చేయండి. ఆయాసం ఉన్న పిల్లలకైతే ఇన్‌హేలర్ చేతిలోనే ఉంచుకోవాలి, దుమ్ము గాలి లేచిన రోజున బయటికి తీయకూడదు.

ఆడుకొనే చోట ఇనుప జారుడుబల్లలు, ఉయ్యాల గొలుసులు ఎండకు కాగి ఉంటాయి, మీ చెయ్యి ఆనించి చూసిన తరువాతే ఎక్కించండి. బీచ్‌కు పొద్దున్నే పోయి ఎండ ముదరక ముందే తిరిగి రావాలి. నీళ్లలో ఉన్నంతసేపు ఎండ తెలియదు గానీ భుజాలు, ముక్కు మాడిపోతాయి, పూర్తి చేతుల ఈత బట్టలు వేస్తే సన్‌స్క్రీన్ సగం ఆదా అవుతుంది. పాప నిద్రపోయింది కదా, ఒక్క నిమిషంలో వస్తాను అని ఏసీ ఆపేసిన కారులో పిల్లను వదిలే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

ఎడారి సఫారీకి మీ తమ్ముడు తప్పకుండా తీసుకెళతానంటాడు. ఇసుక దిబ్బల మీద కారును ఎగరేసి దించే ఆ అరగంట పిల్లలకు వాంతులు తెప్పిస్తుంది, కాబట్టి ముందు రెండు గంటలు పాలు, బిర్యానీ ఏమీ పెట్టకండి. పెద్దవాళ్ల నడుములకు, మోకాళ్లకు అది అసలు పడదు. దిబ్బల మీదికి పోకుండా నేరుగా క్యాంపుకు తీసుకుపోయే బండి అడిగితే ఏర్పాటు చేస్తారు. ప్రయాణ బీమా తీసుకొనేటప్పుడు బాపు షుగరు, బీపీల గురించి దాచకుండా రాయండి. పాత జబ్బులకు వర్తించే పాలసీయేనా అని అడిగి మరీ తీసుకోండి, బయటివాళ్లకు అక్కడ ఆస్పత్రి ఖర్చు చాలా ఎక్కువ.

ప్రశ్న అడిగినవారి స్పందన – హనుమకొండ టీచరు

అందరికీ కృతజ్ఞతలు. పట్టీ తిప్పి చూశాను, అది ప్రిగాబాలినే. బీపీ గోలిలో కూడా డాక్టరు గారు చెప్పిన హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. చెమట సంగతి అడిగితే, ముఖానికి మాత్రం ధారలుగా కారుతుందని, కాళ్లు పొడిగా ఉంటాయని బాపు తనంతట తానే చెప్పారు, అప్పటి నుంచి రామగుండం మాట ఎత్తడం లేదు. అమ్మ కట్టిన మసాలా డబ్బా విప్పి చూస్తే గసగసాలు ఉన్నాయి, అది ఇంట్లోనే ఉండిపోతుంది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఒకవేళ బయట ఉన్నప్పుడు బాపు సొమ్మసిల్లితే మేము వెంటనే చేయవలసిందేమిటి? జ్వరం గోలి వేయవచ్చా? పక్క ఇంటివాళ్లు జేబులో ఉల్లిగడ్డ పెట్టమంటున్నారు, దానికి ఏమైనా ఆధారం ఉందా?

జవాబు – కరీంనగర్ ఫిజీషియన్

జేబులో ఉల్లిగడ్డ వల్ల హాని లేదు, ఉపయోగమూ లేదు. దాన్ని మజ్జిగలో తరుక్కొని తాగితే కొంత నయం.

అలసట, తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం ఉండి మాట తెలివిగా ఉంటే నీడకు లేదా ఏసీలోకి తీసుకెళ్లి, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, షుగరు చూసి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. అరగంటలో తేరుకోకపోతే వైద్యుడి వద్దకు పోవాలి. మాట తడబడినా, మీరెవరో గుర్తుపట్టకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందని అనుకోవాలి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదేమో అని ఆగకండి, చెమటతోనే వడదెబ్బ తగిలేవారు ఉన్నారు. అంబులెన్సుకు ఫోను చేయడం, చల్లబరచడం రెండూ ఒకేసారి మొదలు కావాలి. పైబట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లు పోసి, అట్టముక్కతోనో పుస్తకంతోనో గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో గుడ్డ చుట్టిన ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు. వేయకండి.

ప్రిగాబాలిన్ అనుమతి ఆలస్యమయ్యేలా ఉంటే దాన్ని ఒక్కసారిగా మానేయకండి. మెల్లగా తగ్గించి వేరే మందుకు మార్చడానికి సమయం పడుతుంది కాబట్టి మీ వైద్యుడిని ఈ వారమే కలవండి.

జవాబు – జగిత్యాల నుంచి దేరా

ఇక్కడ అంబులెన్సు నంబరు 998, పోలీసులకు 999. ఫోను చేస్తే ముందుగా ఎక్కడున్నారని అడుగుతారు. దుబాయ్‌లో ప్రతి భవనం గుమ్మం దగ్గర మకానీ అని పది అంకెల నంబరు పలక మీద రాసి ఉంటుంది. ఆ పది అంకెలు చదివితే చాలు, బండి నేరుగా ఆ గుమ్మానికే వస్తుంది. మీ తమ్ముడి ఇంటి మకానీ నంబరును ఇప్పుడే అడిగి, బాపు జేబులో ఉండే మందుల చీటీ వెనక, మీ ఫోనులో, అమ్మ ఫోనులో రాసి పెట్టండి.